రష్యన్ జనరల్ కెరీర్ గురించి తెలుగులో రాయడం ఎలా: బ్రుసీలోవ్ సర్వీసును ముందు పెట్టుకుని

ఒక రష్యన్ జనరల్ గురించి తెలుగులో నాలుగు పేజీలు రాద్దామని కూర్చుంటే మొదటి గంటలోనే తల తిరిగిపోతుంది. మనిషి పేరు మూడు ముక్కలుగా ఉంటుంది, ఒకే దాడికి రెండు తేదీలు కనబడతాయి, ఊరి పేరు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది, హోదా చూస్తే మన సైన్యంలో ఉన్న పేరే కానీ దాని అర్థం మాత్రం వేరు. ఇక్కడే విసుగొచ్చి చాలామంది "గొప్ప యోధుడు, ఫలానా యుద్ధం గెలిచాడు, ఇన్ని పతకాలు వచ్చాయి" అని చుట్టేస్తారు. నాకది బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ మనిషి కెరీర్‌లో అసలు విషయమంతా యుద్ధం లేని సంవత్సరాల్లోనే ఉంటుంది. ఆ సంవత్సరాలను ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఉదాహరణగా అలెక్సేయ్ అలెక్సేయెవిచ్ బ్రుసీలోవ్‌ను తీసుకుంటాను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 వేసవిలో ఆస్ట్రియా-హంగరీ సైన్యాన్ని కుదిపేసిన దాడి ఆయనది, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. జారు, అంటే రష్యన్ చక్రవర్తి కింద అశ్వికదళ జనరల్, 1917లో చక్రవర్తి దిగిపోయాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం కింద సర్వసేనాధిపతి, చివరికి బోల్షివిక్కుల ఎర్రసైన్యంలో అశ్వికదళ ఇన్‌స్పెక్టర్. ఒక్క మనిషి సర్వీసులో మూడు ప్రభుత్వాలున్నాయి కాబట్టి రష్యన్ జనరళ్ల విషయంలో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈయన దగ్గరే దొరుకుతాయి.

పేరుతో మొదలుపెట్టండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లకు చివర వస్తుంది, మధ్యలో ఉండేది తండ్రి పేరు. అలెక్సేయెవిచ్ అంటే అలెక్సేయ్ కొడుకు. ఈ మధ్యపేరును అనవసరం అనుకుని తీసేస్తారు, అది పెద్ద పొరపాటు. బ్రుసీలోవ్ అనే పేరుతో వెతికితే 1912లో 'సెయింట్ అన్నా' అనే ఓడలో ఆర్కిటిక్ వైపు వెళ్లి తిరిగిరాని నావికుడు కూడా తగులుతాడు. ఆయన గియోర్గీ ల్వోవిచ్, అంటే ల్యేవ్ కొడుకు. ఆ ల్యేవ్ మన జనరల్‌కు తమ్ముడు, నౌకాదళంలో పెద్ద అధికారి. మధ్యపేరు చూస్తే చాలు, ఆ నావికుడు జనరల్‌కు కొడుకు కాదు, తమ్ముడి కొడుకు అని తేలిపోతుంది. అలాగే ఇంగ్లీషు అక్షరాలు చూసి తెలుగులోకి దింపకండి, వీలైతే రష్యన్ ఉచ్చారణ ఒకసారి వినండి. 'సీ'ని నొక్కి పలుకుతారు, అందుకే నేను బ్రుసీలోవ్ అని దీర్ఘం పెట్టి రాస్తాను. మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాలు విశాలాంధ్ర షాపుల్లో కొనుక్కుని చదివిన తరానికి ఈ ఓవ్‌లూ ఎవిచ్‌లూ కొత్త కాదు, కొత్తగా చదివేవాళ్లకు మాత్రం మొదటి పేరాలోనే ఒక్క వాక్యంలో విడమరిచి చెప్పేయండి.

తేదీలు ఇంకా ముఖ్యం. 1918 ఫిబ్రవరి దాకా రష్యాలో పాత క్యాలెండరే నడిచింది. పశ్చిమ ఐరోపా కంటే 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు వెనక. బ్రుసీలోవ్ పుట్టింది పాత లెక్కలో 1853 ఆగస్టు 19, కొత్త లెక్కలో ఆగస్టు 31. 1916 దాడి పాత లెక్కలో మే 22, కొత్త లెక్కలో జూన్ 4. నేను మొదటిసారి రాసినప్పుడు ఒక పుస్తకంలోంచి మే 22 తీసుకుని దాడి మొదలైందని రాశాను, ఇంకో పుస్తకంలోంచి లూత్స్క్ పట్టణం పడిపోయిన జూన్ 7 తీసుకుని "రెండు వారాల పోరాటం తర్వాత" అని కలిపాను. నిజానికి అది మూడు రోజుల్లో జరిగిన పని! ఆ దాడిలో ఆశ్చర్యపడాల్సింది ఆ వేగాన్ని చూసే, నేను రాసిన వాక్యం దాన్నే తుడిచేసింది. అప్పటి నుంచి నోట్‌బుక్‌లో ప్రతి తేదీ పక్కన 'పాత' లేదా 'కొత్త' అని రాసుకోకుండా ముందుకు వెళ్లను. వ్యాసంలో మాత్రం ఒకే లెక్క వాడండి, ఏది వాడుతున్నారో మొదట్లోనే చెప్పండి.

ఇక హోదా. దీని దగ్గర కాస్త ఓపిక కావాలి.

మన సైన్యంలో కల్నల్ తర్వాత బ్రిగేడియర్, ఆ తర్వాత మేజర్ జనరల్. రష్యాలో బ్రిగేడియర్ హోదా 18వ శతాబ్దం చివర్లోనే పోయింది. కల్నల్ నేరుగా మేజర్ జనరల్ అవుతాడు. అందుకని జారు కాలపు మేజర్ జనరల్ ఒక బ్రిగేడ్ నడుపుతుంటే "జనరల్ అయ్యుండి చిన్న పదవిలో ఉన్నాడు, ఏదో శిక్ష పడినట్టుంది" అని ఊహించకండి, అక్కడ అది మామూలే. మేజర్ జనరల్ తర్వాత లెఫ్టినెంట్ జనరల్, ఆ పైన పదాతిదళ జనరల్ లేదా అశ్వికదళ జనరల్ లేదా ఆర్టిలరీ జనరల్, అందరికంటే పైన ఫీల్డ్ మార్షల్. 1722లో పీటర్ చక్రవర్తి పెట్టిన హోదాల పట్టికే కొద్ది మార్పులతో 1917 దాకా నడిచింది.

ఇందులో అందరూ పడే గుంట ఒకటుంది. అశ్వికదళ జనరల్ అంటే అశ్వికదళానికి అధిపతి అని కాదు, అది కేవలం హోదా. బ్రుసీలోవ్‌కు ఆ హోదా 1912లో వచ్చింది, 1914లో ఆయన చేతికిచ్చిన 8వ ఆర్మీలో ఎక్కువమంది కాలిబంటులే. అడ్జుటెంట్ జనరల్ అనేదీ అంతే. మన దగ్గర అది ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లో ఒక పోస్టు, జారు రష్యాలో చక్రవర్తి తన పరివారంలోకి తీసుకున్నట్టు ఇచ్చే గౌరవం. 1915లో నికొలాయ్ చక్రవర్తి, రష్యా పట్టుకున్న ఆస్ట్రియా ప్రాంతం గలీషియా చూడటానికి వచ్చినప్పుడు బ్రుసీలోవ్‌కు ఆ గౌరవం దక్కింది. దానివల్ల ఆయన డ్యూటీలో ఏమీ మారలేదు.

'ఆర్మీ జనరల్' అన్న మాట విషయంలో మరీ జాగ్రత్త. అది సోవియట్ కాలపు ప్రత్యేక హోదా, 1940లో వచ్చింది, మొదటిసారి అందుకున్న ముగ్గురు జూకోవ్, మెరెత్స్కోవ్, త్యులేనెవ్. 1926లో చనిపోయిన బ్రుసీలోవ్‌ను 'ఆర్మీ జనరల్' అని రాస్తే మాట చిన్నదే, తప్పు మాత్రం పెద్దది. ఆ రెండు కాలాల మధ్య ఏం జరిగిందో కూడా తెలిసుండాలి. 1917 డిసెంబరులో బోల్షివిక్ ప్రభుత్వం హోదాలన్నీ రద్దు చేసింది. ఎర్రసైన్యంలో చాలా ఏళ్లు పదవే గానీ హోదా లేదు. 1935లో కొంబ్రిగ్ (బ్రిగేడ్ కమాండర్), కొమ్‌దివ్ (డివిజన్ కమాండర్) లాంటి పేర్లతో వ్యక్తిగత హోదాలు వచ్చాయి, జనరల్ అన్న మాట 1940లో గానీ తిరిగి రాలేదు. కాబట్టి 1920ల్లో, 30ల్లో ఎర్రసైన్యం కమాండర్ ఎవరినైనా మీరు 'జనరల్' అని రాస్తే ఒకసారి ఆగి చూసుకోండి.

నా పద్ధతిలో అసలు పని దీని తర్వాతే మొదలవుతుంది. మన ఇళ్లలో గవర్నమెంటు ఉద్యోగం చేసిన పెద్దవాళ్లుంటే సర్వీస్ రిజిస్టర్ (ఎస్సార్) అంటే ఏంటో తెలిసే ఉంటుంది, ఎప్పుడు చేరారు, ఎక్కడికి బదిలీ, ఎప్పుడు ప్రమోషన్, ఎన్నాళ్లు సెలవు, అన్నీ అందులోనే. రష్యన్ సైన్యంలో ప్రతి అధికారికీ అలాంటిదే ఒకటుండేది, పోస్లుజ్నోయ్ స్పీసోక్ అంటారు. పుట్టిన రోజు, మతం, చదువు, పెళ్లి, ఆస్తి, చేసిన యుద్ధాలు, అందుకున్న పతకాలు, ఉద్యోగం లేకుండా గడిపిన రోజులు, అన్నీ రాసేవారు. మీ జనరల్‌కు అలాంటి ఎస్సార్ ఒకటి మీరే తయారు చేయండి. ఒక కాగితం మీద సంవత్సరం, వయసు, హోదా, పదవి, ఊరు, పై అధికారి, ఈ ఆరు గడులు గీయండి. గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేయండి, ఊహతో నింపొద్దు.

బ్రుసీలోవ్‌ది నింపితే ఇలా ఉంటుంది. 1853లో తిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి జార్జియా రాజధాని త్బిలిసిలో పుట్టాడు. తండ్రి జనరల్. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే పిన్నమ్మ ఇంట్లో కుతయీసీలో పెరిగాడు. పీటర్స్‌బర్గ్‌లోని పేజ్ కోర్ అనే పేరున్న సైనిక పాఠశాలలో చదివి 1872లో బయటికొచ్చి కాకసస్‌లో త్వేర్ డ్రాగూన్ అనే అశ్విక రెజిమెంట్‌లో చేరాడు. పేజ్ కోర్ నుంచి వచ్చినవాళ్లు గార్డ్స్ రెజిమెంట్ల కోసం, అంటే చక్రవర్తికి దగ్గరగా ఉండే పెద్ద పేరున్న దళాల కోసం చూస్తారు, కానీ అక్కడ ఖర్చు చాలా ఎక్కువ, ఇంటి నుంచి డబ్బు రావాలి. ఈ ఒక్క వివరం మీ పాఠకుడికి ఆ కుర్రాడి గురించి పతకాల లిస్టు కంటే ఎక్కువ చెబుతుంది. 1877–78లో తుర్కీతో యుద్ధం, అర్దహాన్, కార్స్ కోటల దగ్గర పోరాటం, మూడు పతకాలు.

తర్వాత? ఇక్కడ పెన్ను ఆగాలి. 1881లో పీటర్స్‌బర్గ్‌లోని అధికారుల అశ్విక పాఠశాలకు విద్యార్థిగా వెళ్లాడు, 1883 నుంచి అక్కడే ఉద్యోగం, మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కుతూ 1900లో మేజర్ జనరల్, 1902లో ఆ పాఠశాలకే అధిపతి, 1906లో గానీ బయటికి రాలేదు. దాదాపు పాతికేళ్లు ఒకే బడిలో! రష్యా జపాన్‌తో 1904–05లో యుద్ధం చేస్తుంటే ఆయన అందులో లేడు. జనరల్ స్టాఫ్ అకాడమీలో చదవలేదు. ఒక రెజిమెంట్‌ను నడిపిన అనుభవం కూడా లేకుండానే 1906లో నేరుగా 2వ గార్డ్స్ అశ్విక డివిజన్‌కు అధిపతి అయ్యాడు. 1878 నుంచి 1914 దాకా 36 ఏళ్లు ఆయన యుద్ధమే చూడలేదు.

చాలా వ్యాసాల్లో ఈ పాతికేళ్లకు ఒక్క వాక్యం ఇస్తారు. నేనైతే వ్యాసంలో మూడో వంతు దీనికే ఇస్తాను. అక్కడ ఆయన పని ఏంటో చూడండి, అధికారులకు నేర్పడం. స్వారీ ఒక్కటే కాదు, సిద్ధం కావడం ఎలా అన్నది. 1916లో ఆయన సైనికులు ఆస్ట్రియా కందకాల నమూనాలు తమ వెనక భాగంలో తవ్వుకుని దాడిని ప్రాక్టీసు చేశారని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ బడే. ఇది నా అభిప్రాయం, డాక్యుమెంటులో ఎవరూ రాయలేదు, అందుకే వ్యాసంలో కూడా "నాకు అనిపించేది" అనే రాస్తాను. మీరూ అలాగే చేయండి, మీ ఊహ ఎక్కడ మొదలైందో పాఠకుడికి కనబడాలి.

ఆరో గడి, పై అధికారి, దాన్ని అస్సలు వదలొద్దు. రెజిమెంట్ నడపని మనిషికి గార్డ్స్ డివిజన్ ఎలా వచ్చింది? 1895 నుంచి 1905 దాకా అశ్వికదళానికి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నది గ్రాండ్ డ్యూక్ నికొలాయ్ నికొలాయెవిచ్, చక్రవర్తి కుటుంబీకుడు. ఆ పాఠశాల మీద ఆయనకు ప్రత్యేక శ్రద్ధ, బ్రుసీలోవ్ పని ఆయనకు నచ్చింది. 1914లో సర్వసేనాధిపతి అయింది కూడా ఈ గ్రాండ్ డ్యూకే. అంటే అండ ఉంది. అండ ఉంది కాబట్టి ప్రతిభ లేదని రాయడం తప్పు, ప్రతిభ ఉంది కాబట్టి అండ సంగతి దాచేయడమూ తప్పే. ఆ సైన్యంలో పైకి రావాలంటే రెండూ కావాల్సి వచ్చింది. ఇంకో చిన్న కిటుకు చెబుతాను, జారు కాలంలో ప్రమోషన్లు తరచుగా పండగ రోజుల్లో, ముఖ్యంగా పాత లెక్కలో డిసెంబరు 6న చక్రవర్తి నామదినం (ఆయన పేరే ఉన్న సెయింట్ పండగ) నాడు ప్రకటించేవారు. బ్రుసీలోవ్‌కు 1906లో లెఫ్టినెంట్ జనరల్, 1912లో అశ్వికదళ జనరల్, రెండూ డిసెంబరులోనే వచ్చాయి. కాబట్టి తేదీ చూసి "ఫలానా ఘనకార్యం చేసిన వెంటనే ప్రమోషన్ ఇచ్చారు" అని కథ అల్లేయకండి.

ఊళ్ల పేర్లకు వేరే కాగితం పెట్టుకోండి. బెజవాడ, విజయవాడ ఒకటేనని మనకు తెలుసు కాబట్టి తడబడం, బయటివాడు తడబడతాడు. లెంబెర్గ్, ల్వూఫ్, ల్వోవ్, ల్వీవ్ అన్నీ ఒకే ఊరు, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. పీటర్స్‌బర్గ్ 1914లో పెత్రోగ్రాద్, 1924లో లెనిన్‌గ్రాద్. బ్రుసీలోవ్ 1909లో 14వ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం) అధిపతిగా వెళ్లిన లుబ్లిన్ ఇప్పుడు పోలండ్‌లో ఉంది, 1916 దాడికి ముందు చక్రవర్తి ఎదుట సమావేశం జరిగిన మొగిల్యోవ్ బెలారూస్‌లో ఉంది. అప్పటి పేరు రాసి, మొదటిసారి మాత్రం ఇప్పుడు ఏ దేశంలో ఉందో చెప్పండి. రష్యన్ జనరల్ కదా అని ఆ ఊళ్లన్నీ రష్యాలోనే ఉన్నట్టు రాస్తే అక్కడి ప్రజల చరిత్రను మనం తెలియకుండానే తీసేసినట్టవుతుంది.

యుద్ధం రాసేటప్పుడు ముందు ఒక మాట అర్థం చెప్పాలి. రష్యన్ లెక్కలో 'ఫ్రంట్' అంటే యుద్ధరంగం ఒక్కటే కాదు, కొన్ని ఆర్మీలను కలిపి నడిపే కమాండ్ కూడా. 1916 మార్చిలో బ్రుసీలోవ్ నైరుతి ఫ్రంట్‌కు అధిపతి అయ్యాడంటే ఆయన కింద నాలుగు ఆర్మీలున్నాయని. ఏప్రిల్‌లో మొగిల్యోవ్‌లో సమావేశమైనప్పుడు ఉత్తర ఫ్రంట్ అధిపతి కురొపాత్కిన్, పశ్చిమ ఫ్రంట్ అధిపతి ఎవెర్త్ దాడికి వెనకాడితే, బ్రుసీలోవ్ నేను చేస్తానన్నాడు.

ఎలా చేశాడన్నదే రాయండి, "వీరోచితంగా" అన్న మాట వాడకుండా రాయండి. అప్పటిదాకా పద్ధతి ఏంటంటే ఒకచోట ఫిరంగులన్నీ పోగేసి రోజుల తరబడి కాల్చి అక్కడే దూకడం. అంతసేపు కాలుస్తుంటే దాడి ఎక్కడో శత్రువుకు తెలిసిపోతుంది, రిజర్వు దళాలు అక్కడికి తెచ్చి పెట్టుకుంటాడు. బ్రుసీలోవ్ నాలుగు ఆర్మీలనూ తలా ఒకచోట దాడికి సిద్ధం కమ్మన్నాడు, కొన్ని కోర్‌లకు కూడా విడిగా చెప్పాడు, దాంతో ఎన్నో చోట్ల ఒకేసారి మట్టి తవ్వకం కనబడింది, ఏది అసలుదో ఆస్ట్రియావాళ్లకు తేలలేదు. తమ కందకాలను రాత్రిళ్లు తవ్వుకుంటూ శత్రువు కందకాల దగ్గరకు జరిపారు. విమానాల నుంచి తీసిన ఫొటోలతో మ్యాపులు చేసి అధికారులకు పంచారు. ఫిరంగులు కాల్చింది తక్కువసేపు, గురి చూసి. కలేదిన్ నడిపిన 8వ ఆర్మీ లూత్స్క్ పట్టుకుంది, లెచీత్స్కీ నడిపిన 9వ ఆర్మీ దక్షిణాన చెర్నొవ్‌త్సీ తీసుకుంది. ఆర్మీ కమాండర్ల పేర్లు తప్పకుండా రాయండి, నాలుగు ఆర్మీలు చేసిన పని ఒక్కడి ఖాతాలో వేయకూడదు.

అక్కడితో ఆపేయకండి, అసలు పరీక్ష ఆ తర్వాతే. ప్రధానమైన దెబ్బ కొట్టాల్సింది ఎవెర్త్ ఫ్రంట్, అది వాయిదాలు పడి జులైలో బరనోవిచి దగ్గర మొదలై విఫలమైంది. బ్రుసీలోవ్ మాత్రం కోవెల్ రైల్వే జంక్షన్ కోసం స్తోఖోద్ నది బురదనేలల్లో వారాల తరబడి మళ్లీ మళ్లీ దాడులు చేయించాడు, గార్డ్స్ దళాలు అక్కడ దారుణంగా నష్టపోయాయి. మొదటి వారాల్లో తను వద్దన్న పద్ధతికే చివరికి తనూ వచ్చాడు. ఆయనంటే నాకు చాలా గౌరవం, అయినా ఈ మాట రాయకపోతే ఆ బురదలో పోయినవాళ్లకు అన్యాయం చేసినట్టే. నష్టాల అంకెలు రష్యన్ లెక్కల్లో, ఆస్ట్రియన్ లెక్కల్లో బాగా తేడాగా ఉంటాయి, రెండు వైపులా లక్షల్లోనే. ఒక్క అంకె తీసుకుని అదే సత్యమన్నట్టు రాయకండి, ఎవరి లెక్కో చెప్పి రాయండి.

జ్ఞాపకాలు చదివేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. మొగిల్యోవ్ సమావేశం తర్వాత ఒక పెద్ద జనరల్ వచ్చి, దాడికి ఎందుకు ఒప్పుకున్నావు, పేరు పోగొట్టుకుంటావు అన్నాడని మనకు తెలిసింది బ్రుసీలోవ్ రాసుకున్న జ్ఞాపకాల నుంచే. అలాంటి చోట "బ్రుసీలోవ్ రాసుకున్నదాని ప్రకారం" అని చేర్చండి. ఆ జ్ఞాపకాలు సోవియట్ యూనియన్‌లో 1929లో అచ్చయ్యాయి, అప్పటికే ఆయన లేడు. రెండో భాగం 1925లో చికిత్స కోసం కార్ల్‌స్‌బాద్ వెళ్లినప్పుడు రాయించాడు, అందులో బోల్షివిక్కుల మీద కటువైన మాటలున్నాయి. అవి బయటపడ్డాక 1940ల చివర్లో సోవియట్ పుస్తకాల్లో ఆయన పేరు తగ్గించేశారు, దాడిని 'నైరుతి ఫ్రంట్ దాడి' అనడం మొదలుపెట్టారు. కాబట్టి మీ చేతిలో ఉన్న పుస్తకం ఏ సంవత్సరంలో ఎక్కడ అచ్చయిందో ముందు చూసుకోండి, ఒకే జనరల్ 1944లో ఒకలా, 1950లో ఇంకోలా కనబడతాడు. సోవియట్ మార్షల్ రొకొసోవ్‌స్కీ విషయం చూడండి, తండ్రి పేరు క్సవేరీ, కానీ సోవియట్ పత్రాల్లో మధ్యపేరు కొన్‌స్తాంతినొవిచ్‌గా మారింది, పుట్టిన ఊరు కూడా వార్సా నుంచి వెలీకియె లూకీకి మారింది. 1937 ఆగస్టు నుంచి 1940 మార్చి దాకా ఆయన జైల్లో ఉన్నాడు. పాత సోవియట్ జీవితచరిత్రల్లో అలాంటి గడి మౌనంగా దాటిపోయి ఉంటుంది. రెండు పదవుల మధ్య రెండున్నరేళ్లు కనబడకపోతే, అదీ 1937 తర్వాత అయితే, కారణం తప్పకుండా వెతకండి.

1917 నుంచి బ్రుసీలోవ్ ఎస్సార్ రాయడం కష్టం, తీర్పులు చెప్పాలన్న తొందర వస్తుంది. తేదీలు వరసగా పెట్టండి చాలు. మార్చిలో చక్రవర్తి సింహాసనం వదిలేయాలని సలహా ఇస్తూ తంతి పంపిన ఫ్రంట్ అధిపతుల్లో ఆయనా ఉన్నాడు. వేసవిలో సర్వసేనాధిపతి పదవి వచ్చింది, దాడి విఫలమైంది, రెండు నెలలు నిండకుండానే ఆ స్థానంలోకి జనరల్ కొర్నీలోవ్ వచ్చాడు. శరదృతువులో మాస్కో వీధిపోరాటాల్లో ఇంటి మీద పడిన ఫిరంగి గుండుతో కాలికి గాయం. 1918లో అరెస్టు. 1919లో ఎర్రసైన్యంలో అశ్వికుడిగా ఉన్న కొడుకు బోల్షివిక్కులతో పోరాడుతున్న తెల్లసైన్యానికి చిక్కి మళ్లీ ఇంటికి రాలేదు. 1920లో పోలండ్‌తో యుద్ధం నడుస్తుండగా, పాత అధికారులారా, ఎర్రసైన్యంలోకి రండి అని విజ్ఞప్తి మీద సంతకం చేశాడు. ద్రోహి అన్నవాళ్లున్నారు, దేశభక్తుడు అన్నవాళ్లున్నారు. ఈ వరసను మీ పాఠకుడి ముందు పెట్టండి, 1919 గడిని 1920 గడి పక్కనే ఉంచండి, బిరుదు మీరు ఇవ్వకండి. 1923లో అశ్వికదళ ఇన్‌స్పెక్టర్, 1924లో విరమణ, 1926 మార్చి 17న మాస్కోలో మరణం, నొవొదేవిచి ఆశ్రమంలో సైనిక లాంఛనాలతో ఖననం.

చిత్తుప్రతి పూర్తయ్యాక కనీసం ఒక రోజు పక్కన పెట్టి మళ్లీ తీయండి. 'అలెక్సేయ్ బ్రుసీలోవ్' అని ఉన్న ప్రతి చోటా ఆగండి. జనరల్ అయిన తండ్రి పేరు అదే, మన జనరల్ పేరు అదే, 1919లో చిక్కిన కొడుకు పేరూ అదే. ముగ్గురిలో ఎవరి గురించి ఆ వాక్యమో చదివేవాడికి అర్థమవుతోందా చూసి, కాకపోతే అక్కడ 'తండ్రి' అనో 'కొడుకు' అనో ఒక్క మాట చేర్చండి.